రెండు జతల చేతులతో తొలి ఏడాది

బిడ్డ సంగతి కాసేపు పక్కన పెడదాం. నిన్న రాత్రి మీరు వరసగా ఎన్ని గంటలు నిద్రపోయారు? ఈ వారం మీ ఆయనది డే షిఫ్టా, నైట్ షిఫ్టా? అమ్మ వీసా ఎప్పటిదాకా ఉంది? ఇంట్లోవాళ్ళు కాకుండా ఇంకో మనిషితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళయింది?

మీరు అడగాలనుకున్న ప్రశ్న వేరే అని తెలుసు. "ఐదో నెల నడుస్తోంది, ఇంకా బోర్లా పడలేదు. మా చెల్లెలి కొడుకు మూడో నెలకే పడ్డాడు. డాక్టరుకి చూపించాలా?" దానికీ జవాబు ఉంది, చెప్తాను. అయితే పై నాలుగు ప్రశ్నలకి మీ దగ్గర మంచి జవాబులుంటే, బోర్లా పడటం చాలామటుకు దానంతటదే జరిగిపోతుంది. లేకపోతే ఏ చార్టు చూసినా మీకు గుండె దడ తగ్గదు.

మన వైపు పురుడు ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. నెలలు నిండేసరికి పుట్టింట్లో ఉంటారు. అమ్మ, అమ్మమ్మ, పిన్ని, నీళ్ళు పోయడానికొచ్చే మనిషి, గోడ మీంచి పలకరించే పక్కింటావిడ. ఒకరు నలుగు పెడుతుంటే ఇంకొకరు పథ్యం వండుతారు. బాలింత కునుకు తీస్తే బిడ్డ ఎవరో ఒకరి ఒళ్ళో ఉంటుంది. ఎవరూ దానికి పేరు పెట్టలేదు గానీ, అది చాలా పెద్ద ఏర్పాటు. ఇక్కడ కెనడాలో, సార్నియా ఊళ్ళో లండన్ రోడ్డు పక్కన రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో ఆ ఏర్పాటంతా రెండు జతల చేతుల మీద పడుతుంది. ఆ రెండింట్లో ఒక జత పన్నెండు గంటల షిఫ్టులో ఇరుక్కుని ఉంటుంది. అందుకే ఈ అధ్యాయంలో బిడ్డకి ఏం నేర్పాలన్నది తక్కువ, చేతుల లెక్క ఎలా సర్దుకోవాలన్నది ఎక్కువ.

ముందు చార్టు భయం వదిలించుకుందాం

మనవాళ్ళకి ఎప్పటినుంచో ఒక చార్టు ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు పంచుతారు. ఫలానా నెలలో పంచాలని మాత్రం ఎక్కడా లేదు. పడిన రోజే పండుగ. నాకైతే ఆ పద్ధతే నచ్చుతుంది.

లేదు, నెలలే కావాలంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు 4 నుంచి 9 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవడం 8 నుంచి పదిహేడున్నర నెలల మధ్య. అంటే ఒకే వీధిలో ఇద్దరు పిల్లలుంటే, ఒకరు ఇంకొకరికన్నా తొమ్మిది నెలలు ముందు నడిచినా ఇద్దరూ బాగున్నట్టే. నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడకుండానే నడక అందుకున్నారు. చెల్లెలి కొడుకు సంగతి ఇంక వదిలేయండి.

అలాగని ప్రతిదానికీ "చూద్దాంలే" అనకూడదు. ఇవి కనిపిస్తే ఆగకండి:

• మూడో నెల దాటినా మీ మొహం చూసి నవ్వకపోవడం, పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడకపోవడం
• ఐదో నెలకి కూడా మెడ నిలవకపోవడం
• ఎప్పుడూ ఒకే చెయ్యి, ఒకే కాలు కదపడం, లేదా ఒళ్ళు మరీ బిగుసుకుపోయి గానీ మరీ వేలాడిపోయి గానీ ఉండటం
• తొమ్మిదో నెలకి పట్టుకున్నా కూర్చోలేకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, "తాతాతా, బాబాబా" లాంటి పలుకులు లేకపోవడం
• ఏ నెలలోనైనా, వచ్చిన విద్య పోవడం. నిన్నటిదాకా ఉంగాలు కొట్టిన బిడ్డ ఆపేస్తే అది అన్నిటికన్నా ముఖ్యం.

ఒంటారియోలో చాలామంది వాడే లుక్‌సీ అనే ప్రశ్నల జాబితా ఉంది. పాతవాళ్ళు దాన్ని నిపిసింగ్ స్క్రీన్ అంటారు. నెలల వారీగా అవును, కాదు అని టిక్కు పెట్టుకుంటూ పోవడమే. అనుమానమొస్తే దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అవసరమైతే వాళ్ళే సార్నియాలోని పాత్‌వేస్ పిల్లల కేంద్రానికి పంపుతారు. ఇంకా ఫ్యామిలీ డాక్టరు దొరకలేదా? ల్యాంబ్టన్ పబ్లిక్ హెల్త్‌కి ఫోన్ చేసి నర్సుతో మాట్లాడండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టరిచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్క వేయాలి. ఈ ఒక్కటి మర్చిపోయి భయపడేవాళ్ళు చాలామంది.

1. చేతుల క్యాలెండరు గీయండి

ఒక కాగితం మీద పన్నెండు గడులు గీయండి. ఒక్కో గడిలో ఆ నెల ఇంట్లో ఎవరెవరు ఉంటారో రాయండి. ఎవరి సెలవు ఎప్పుడు, ఎవరి వీసా ఎప్పుడు అయిపోతుంది, ప్లాంటులో టర్నరౌండ్ (మరమ్మతులకి ప్లాంటు ఆపే రోజులు) ఎప్పుడు, మీ ఆయనకి ఓవర్‌టైమ్ ఎప్పుడు తప్పదు. ఒక్క మనిషే మిగిలిన గడి ఏదో వెతకండి. కష్టం అక్కడ ఉంటుంది.

అందరూ చేసే పొరపాటు ఏంటి? అంతా మొదటి రెండు నెలల్లోకే కుక్కేయడం. కాన్పుకి అమ్మ వస్తుంది, ఇరవై ఒకటో రోజుకి అత్తయ్య, మామయ్య కూడా దిగుతారు, మీ ఆయన సెలవంతా అప్పుడే వాడేస్తాడు. ఇంటినిండా జనం, బిడ్డని ఎత్తుకోవడానికి వంతులు. ఆరో నెల వచ్చేసరికి ఇల్లు ఖాళీ. బిడ్డ పాకేదీ, నోట్లో పెట్టుకునేదీ, రాత్రుళ్ళు లేచి కేకలు పెట్టేదీ అప్పుడే. మీరు ఒక్కరే.

దీన్ని సర్దుకోవడానికి కొన్ని నిజాలు తెలిసి ఉండాలి. సందర్శక వీసా మీద వచ్చినవాళ్ళు మామూలుగా ఆరు నెలలు ఉండవచ్చు. సూపర్ వీసా అయితే 2022 జూలై నుంచి ఒక్కసారికి ఐదేళ్ళదాకా ఉండవచ్చు. దానికి లక్ష డాలర్ల ఆరోగ్య బీమా చూపించాలి. ఇక మీ సెలవు సంగతి. గడిచిన 52 వారాల్లో ఉద్యోగ బీమా (ఈఐ) వర్తించే పనిలో 600 గంటలు పనిచేసి ఉంటే, తల్లికి 15 వారాల ప్రసూతి భత్యం వస్తుంది. ఆపైన తల్లిదండ్రులిద్దరూ పంచుకునే వారాలు 40. అందులో ఒక్కరే 35 కన్నా ఎక్కువ తీసుకోవడానికి లేదు. మిగిలిన ఐదు వారాలు రెండోవాళ్ళు వాడితే ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు.

ఆ ఐదు వారాలని మీ ఆయన చేత వదిలించకండి. ఒక ఉదాహరణ అనుకుందాం. సెప్టెంబరులో కాన్పు. ఆగస్టులో వచ్చిన అమ్మ ఫిబ్రవరి మొదట్లో వెళ్ళిపోతుంది. అత్తయ్య ఎండలు వచ్చాక, ఏప్రిల్లో వస్తానంటారు. మధ్యలో ఫిబ్రవరి, మార్చి. హ్యూరన్ సరస్సు మీంచి మంచుగాలి, సాయంత్రం తొందరగా చీకటి. ఆయన ఐదు వారాలు సరిగ్గా అక్కడ పెట్టాలి. కాన్పు రోజుల్లో నాలుగు రోజుల వెకేషన్ సరిపోతుంది, అప్పుడు ఎలాగూ అమ్మ ఉంది కదా.

డబ్బు గురించి కూడా ముందే కూర్చుని మాట్లాడుకోండి. మామూలు పద్ధతిలో జీతంలో 55 శాతం, దానికీ ఒక పరిమితి ఉంది. పద్దెనిమిది నెలలకి సాగదీసుకునే పద్ధతిలో ఆ పంచుకునే వారాలకి 33 శాతమే. పేరెంటల్ భత్యం ఒకసారి చేతికొచ్చాక పద్ధతి మార్చుకోవడం కుదరదు. ఇక సర్కారు ఇచ్చే పిల్లల భత్యం (చైల్డ్ బెనిఫిట్) అందరికీ మొదటి నెల నుంచే రాదు. పీఆర్ లేనివాళ్ళు, అంటే స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు, కెనడాలో 18 నెలలు ఉండి, పంతొమ్మిదో నెలలో కూడా చెల్లే పర్మిట్ ఉంటేనే అర్హులు. ల్యాంబ్టన్ కాలేజీలో చదువు మొదలుపెట్టిన ఏడాదిలోనే బిడ్డ పుడితే ఆ డబ్బు లెక్కలో వేసుకోకండి.

విద్యార్థి దంపతులు నలుగురితో కలిసి ఇల్లు పంచుకునే పరిస్థితి కూడా ఉంటుంది. అక్కడ బిడ్డ ఏడుపుకన్నా మొహమాటం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పరీక్షలున్న కుర్రాళ్ళు ఏమనుకుంటారోనని తల్లి బాత్రూములో కూర్చుని పాలివ్వడం లాంటివి. కాన్పుకి రెండు నెలల ముందే ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పండి: తమ్ముళ్ళూ, ఈ నెల నుంచి ఇలా ఉంటుంది, మీకు కష్టమైతే ఇప్పుడే వేరే గది చూసుకుందాం. సిగరెట్టు ఇంటి లోపల ఎవరూ కాల్చకూడదన్న మాట కూడా ఆ రోజే తేల్చేయండి.

ఇంకో చిన్న మాట. ఒంటారియోలో బిడ్డ పుట్టిన 30 రోజుల్లో జననం నమోదు చేయాలి. ఆన్‌లైన్లో ఒకే దరఖాస్తుతో నమోదు, జనన ధ్రువపత్రం, సిన్ నంబరు, పిల్లల భత్యం అన్నీ అడగవచ్చు. నక్షత్రం ప్రకారం ఏ అక్షరం రావాలన్న చర్చ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రెండు నెలలు నడుస్తుంది, అది మామూలే. సర్కారు మాత్రం అంతదాకా ఆగదు.

2. నిద్రని వంతులేసుకోండి

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెప్తారు. బట్టలెవరు ఉతుకుతారు? కాబట్టి ఇంకో పద్ధతి. ఇంట్లో ఉన్న ప్రతి పెద్దమనిషికీ ఇరవై నాలుగు గంటల్లో ఒకసారి, ఎవరూ లేపకుండా నాలుగైదు గంటల నిద్ర దొరకాలి. అది ఎవరికి ఎప్పుడన్నది ఫ్రిజ్ మీద రాసి పెట్టండి.

ఆయనది నైట్ షిఫ్టయితే పొద్దున్న ఏడున్నరకి ఇంటికొస్తాడు. రాగానే "మీ కొడుకుని పట్టుకోండి" అని చేతిలో పెట్టకండి. ముందు ప్లాంటు బట్టలు విప్పి విడిగా వేసి, స్నానం చేయాలి. ఆ రసాయనాల వాసనతో బిడ్డని హత్తుకోవద్దు. తర్వాత ఒక గంట బిడ్డతో గడిపి, ఇంకో గదిలో తలుపేసుకుని పడుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి లేచి బిడ్డని తీసుకుంటే, మీకు సాయంత్రం ఆరుదాకా దొరుకుతుంది. ఆ సమయం వంటకి కాదు, నిద్రకి. వంట సంగతి? పప్పుచారు ఒకేసారి మూడు రోజులకి సరిపడా పెట్టుకోండి. బాలింత వండిపెట్టిన వేడి వేడి పుల్కాలు తింటూ కూర్చునే మగవాళ్ళకి ఈ పుస్తకంలో ఇంకో అధ్యాయం ఉంది.

బిడ్డ పడకకి రాజీ లేని నియమాలు కొన్ని. వెల్లకిలా పడుకోబెట్టాలి. తొట్టి మీ గదిలోనే, కనీసం ఆరు నెలలు. తొట్టిలో పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే. దిండు, బొంత, బొమ్మలు, చుట్టూ మెత్తలు ఏవీ వద్దు. అలసిపోయి సోఫాలో బిడ్డని ఛాతీ మీద వేసుకుని కళ్ళు మూయడం అన్నిటికన్నా ప్రమాదం. అలా తూలుతున్నారనిపిస్తే బిడ్డని తొట్టిలో పెట్టేయండి. పది నిమిషాలు ఏడ్చినా నష్టం లేదు.

మెలకువగా ఉన్నప్పుడు మాత్రం రోజుకి కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టండి. మీరు ఎదురుగా నేల మీదే పడుకుని పలకరిస్తే చాలు. మెడ, భుజాలు గట్టిపడేది దీనితోనే.

3. సూట్‌కేసులో ఏముందో ముందే అడగండి

టొరంటో విమానం ఎక్కేముందు అమ్మ రెండు సూట్‌కేసులు సర్దుతుంది. వాటిలో సగం బంగారం లాంటి వస్తువులు. నువ్వుల నూనె, పాత మెత్తటి చీరలు, కారప్పొడి, ఎండుకొబ్బరి, శొంఠి. మిగతా సగంలో కొన్నిటిని బయల్దేరకముందే తీయించాలి.

చక్రాల వాకరు. మన ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కెనడాలో 2004 ఏప్రిల్ నుంచి దాని అమ్మకం, ప్రకటన, దిగుమతి అన్నీ నిషేధం. ప్రపంచంలో మొదట నిషేధించింది ఈ దేశమే. మెట్ల మీంచి దొర్లిపడి తలలు పగలడమే కారణం. పైగా వాకరు వల్ల నడక ముందు రాదు.

ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని పెడతారు. నిద్రలో తొట్టిలో ఏ దిండూ ఉండకూడదని పైన చెప్పుకున్నాం. తల ఒకవైపు చదునవుతుంటే పడుకోబెట్టే దిశ మార్చండి, డాక్టరుకి చూపించండి.

తేనె. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. నాలుక మీద రాయడం, పాలపీకకి అద్దడం కూడా. బోట్యులిజం అనే విషప్రభావం పసిపిల్లల కండరాల్ని చచ్చుపరచగలదు.

కాటుక. చాలా రకాల కాటుకల్లో సీసం ఉంటుందని హెల్త్ కెనడా హెచ్చరించింది. దిష్టి మాటేమిటంటారా? పెన్నుతో అరికాల్లో చుక్క పెట్టుకోండి. దిష్టికి కాటుకకీ పెన్నుకీ తేడా తెలుస్తుందని నేననుకోను.

సాంబ్రాణి పొగ. తలుపులన్నీ బిగించిన చలికాలపు ఇంట్లో ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ముందు స్మోక్ అలారం మోగుతుంది, బిల్డింగంతా బయటికొస్తుంది.

వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆరు నెలల్లోపు మంచినీళ్ళు పట్టడం, ముక్కులోకి ఊదడం, ఇవీ వద్దు. బాలింతకి నీళ్ళు తగ్గించే పథ్యం కూడా వద్దు. పాలిచ్చే తల్లికి దాహమేస్తే తాగాల్సిందే.

ఇదంతా పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలి? ఎవరి అమ్మకి వాళ్ళే చెప్పాలి. కోడలు అత్తయ్యకి చెప్తే అది గొడవ, కొడుకు చెప్తే అది కబురు. అదీ వచ్చాక కాదు, వచ్చేముందే, ఫోన్లో: "అమ్మా, ఇక్కడ వాకరు తెస్తే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. దాని బదులు రెండు పాత కాటన్ చీరలు పెట్టు." వద్దన్న ప్రతిదానికీ పక్కనే కావాలన్నది ఒకటి ఉండాలి. ఒళ్ళు రుద్దడం ఆవిడ పని. లాలపోయడం ఆవిడ పని, నీళ్ళు మోచేతికి గోరువెచ్చగా తగిలితే చాలు. జోల ఆవిడది. ఎనిమిది వేల మైళ్ళు ఎగిరొచ్చిన మనిషికి చేయడానికి పనేమీ మిగల్చకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, వంటింట్లో మీ డబ్బాలు మళ్ళీ సర్దుతుంది.

4. తెలుగులోనే వాగండి

ఇక్కడి బడిలో వెనకబడుతుందేమోనని కొందరు బిడ్డతో మొదటి రోజు నుంచీ వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడతారు. ఎందుకండీ? ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, ఊరంతా అదే.

1984లో వాంకూవర్లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకి హిందీలోని "త", "ట" ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు రెండూ వేరని పట్టేశారు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ళకి అదే కష్టం. పది, పన్నెండు నెలలకొచ్చేసరికి ఆ పిల్లల్లో కూడా ఆ నేర్పు చాలావరకు పోయింది, రోజూ వినపడని ధ్వని గనక. తాతకీ టాటాకీ తేడా మీ బిడ్డ చెవిలో నిలవాలంటే అది ఈ ఏడాదే వినిపించాలి.

ఏం మాట్లాడాలి? చేస్తున్న పని. "ఇదిగో చొక్కా, ఈ చెయ్యి ఇటు, ఆ చెయ్యి అటు, అయిపోయింది!" బిడ్డ "ఊఁ" అంటే ఆగి, మీరూ "ఊఁ" అనండి, మళ్ళీ దాని వంతు రానివ్వండి. తారంగం ఆడించండి. కొంగు చాటున దాక్కుని బూచి అనండి. పాలిచ్చేటప్పుడు ఫోను చూడకుండా ఉండలేకపోతే, రోజుకి రెండు పూటలైనా దాన్ని ఇంకో గదిలో వదిలేయండి.

తెర చూపించడం ఈ వయసులో వద్దని కెనడా పిల్లల వైద్యుల సంఘం మాట. వీడియో కాల్‌కి మాత్రం మినహాయింపు. సార్నియాలో పొద్దున్న ఎనిమిదయితే ఇండియాలో వేసవిలో సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. ఇద్దరికీ కుదిరే వేళ. ఫోను ఇడ్లీపాత్రకి ఆనించి పెట్టి తాతయ్యని పది నిమిషాలు మాట్లాడనివ్వండి. బిడ్డ ఎదురుగా ఉంది, కబుర్లు చెప్పేవాళ్ళున్నారు, మీరు టీ తాగవచ్చు. ఇది కూడా ఒక జత చేతులే.

5. ఉగ్గులో ఇనుము ఉందా?

ఆరో నెలకి అన్నప్రాశన అవుతుంది, తర్వాత ఏం పెడుతున్నారు? బియ్యం ఉగ్గు, మెత్తటి పెరుగన్నం, అరటిపండు. అన్నీ మంచివే, కానీ ఇనుము తక్కువ. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వ ఆరో నెలకి తరిగిపోతుంది. అందుకే మొదటి ముద్దల్లోనే పప్పు, గుడ్డు, మెత్తగా ఉడికిన మాంసమో చేపో ఉండాలి. శాకాహారులైతే పప్పుతో పాటు ఇనుము కలిపిన బేబీ సీరియల్ వాడండి, పక్కనే కాస్త టమాటానో నారింజ రసం చుక్కో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఉప్పు, పంచదార వద్దు. ఆవుపాలు తాగించడం తొమ్మిదో నెల దాటాకే మొదలుపెట్టాలి. వేరుశనగ, గుడ్డు ఆలస్యం చేస్తే ఎలర్జీ తగ్గుతుందన్నది పాత నమ్మకం. ఇప్పటి సలహా ఆరో నెల ప్రాంతంలోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టమని. పల్లీలు పలుకులుగా కాదు, మెత్తటి ముద్దగా నీళ్ళు కలిపి.

తల్లిపాలు తాగే బిడ్డకి రోజూ 400 యూనిట్ల డి విటమిన్ చుక్క తప్పనిసరి. మన ఊళ్ళో ఎండలో కూర్చోబెట్టేవాళ్ళం కదా అంటారు. జనవరిలో సార్నియా ఎండని నమ్ముకోకండి.

6. ఈ ఊరికే పనికొచ్చే కొన్ని జాగ్రత్తలు

సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఊళ్ళో సైరన్ మోగుతుంది. రిఫైనరీలు, రసాయన కర్మాగారాల పక్కన ఉన్న ఊరు గనక అది ప్రతివారం జరిగే పరీక్ష. ఆ వేళకి బిడ్డని ఎత్తుకుని ఉంటే ఉలికిపాటు తగ్గుతుంది. ఇంకే వేళ మోగినా పరీక్ష అనుకోకండి. లోపలికెళ్ళి తలుపులు, కిటికీలు మూయండి, ఫర్నేస్, ఏసీ, వంటింటి ఫ్యాను ఆపండి, స్థానిక రేడియో వినండి. ఒకటి రెండు రోజులకి సరిపడా డైపర్లు, డబ్బాపాలు వాడేవాళ్ళయితే పాలపొడి, నీళ్ళు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. గాలి సంగతి ఉత్త భయం కాదు. 2024 వసంతంలో ఊరి పక్కనే ఉన్న ఆమ్జివ్‌నాంగ్ ఆదివాసీ సమాజం బెంజీన్ స్థాయి పెరిగిందని అత్యవసర స్థితి ప్రకటించింది. మీరు ఇల్లు మారుతుంటే అద్దె ఒక్కటే చూడకండి, గాలి ఎటునుంచి వీస్తుందో కూడా కనుక్కోండి.

కారు సీటు. బ్లూవాటర్ వంతెన దాటి పోర్ట్ హ్యూరన్‌లో చవగ్గా దొరుకుతుందని అక్కడినుంచి తెచ్చేవాళ్ళున్నారు. అమెరికా సీటు మీద కెనడా జాతీయ భద్రతా ముద్ర, అదే మేపుల్ ఆకు గుర్తు, ఉండదు. అది లేని సీటు ఇక్కడ చెల్లదు. చలికోటు తొడిగి బెల్టు పెట్టకండి. కోటు అణిగి బెల్టు వదులైపోతుంది. పల్చటి బట్టల మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

చలికాలమని ఇంట్లోనే ఉండిపోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, బిడ్డకన్నా మీకు. పసిపిల్లలతో తల్లిదండ్రులు వెళ్ళే ఎర్లీఆన్ కేంద్రాలకి డబ్బు కట్టక్కర్లేదు. లైబ్రరీలో పసిపిల్లలకి పాటల కార్యక్రమాలు ఉంటాయి. ఇంగ్లీషు రాదని అమ్మని ఇంట్లో వదలకుండా తీసుకెళ్ళండి. ఎండలొస్తే కెనటారా పార్కు ఎలాగూ ఉంది.

7. ఏడుపు మీకొస్తోందా?

కాన్పయిన మొదటి రెండు వారాలు కారణం లేకుండా కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోతే, "నేను లేకపోతేనే వీళ్ళు బాగుంటారు" అన్న ఆలోచన వస్తే అది జబ్బు. దానికి మందుంది. "మా కాలంలో ఇవన్నీ లేవమ్మా" అని ఇంట్లో ఎవరైనా అంటే అననివ్వండి, డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళండి. 1987 నుంచి వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నల పట్టికలో ఉన్నవి పదే ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. రాత్రీపగలూ నర్సుతో మాట్లాడటానికి 811, ప్రాణం తీసుకోవాలనిపిస్తే 988.

మగవాళ్ళకి: ఆవిడ "బానే ఉన్నాను" అంటే అక్కడితో వదిలేయకండి. తిన్నదా, స్నానం చేసిందా, ఈ వారం ఒక్కసారైనా నవ్విందా చూడండి. ఫోన్ మీరే చేయండి.

8. సూదులు, ఇండియా ప్రయాణం

ఇక్కడ మామూలు సూదులు 2, 4, 6, 12 నెలలకి. మన దేశంలో పుట్టగానే ఇచ్చే బీసీజీ ఇక్కడ మామూలుగా ఇవ్వరు. అక్కయ్య పంపిన ఇండియా పట్టికతో పోల్చి కంగారుపడకండి. పుట్టువెంట్రుకలకి తిరుపతి వెళ్తుంటే, ప్రయాణానికి ఆరేడు వారాల ముందే డాక్టరుని కలవండి. ఆరు నెలలు దాటిన బిడ్డకి తట్టు టీకా ముందుగా ఒక డోసు ఇస్తారు. ఏడాది నిండాక ఇవ్వాల్సిన రెండు డోసులు ఎలాగూ ఉంటాయి. ఇక్కడ పుట్టిన బిడ్డ కెనడా పౌరురాలో పౌరుడో అవుతుంది. పాస్‌పోర్టు, ఇండియా వీసానో ఓసీఐనో చేతికొచ్చాకే టికెట్లు కొనండి.

9. పన్నెండో నెల: డే కేర్

పేరు ఎప్పుడు నమోదు చేయాలి? కడుపుతో ఉన్నప్పుడే. పద్దెనిమిది నెలల్లోపు పిల్లల గదిలో పదిమందికి ముగ్గురు సిబ్బంది ఉండాలని ఒంటారియో నియమం. అందుకే ఆ గదుల్లో చోటు తక్కువ. సర్కారు పథకంలో చేరిన కేంద్రాల్లో 2025 నుంచి రోజుకి 22 డాలర్లు మించదు. చేరని చోట చాలా ఎక్కువ కావచ్చు, ముందే అడగండి.

మొదటి రోజే ఎనిమిది గంటలు వదిలేసి రాకండి. మొదట ఒక గంట మీరూ కూర్చోండి, తర్వాత గంట వదలండి, తర్వాత పూట. ఈ వయసులో కొత్త మొహం చూసి గుక్కపెట్టి ఏడవడం మీ బిడ్డ మిమ్మల్ని గుర్తుపడుతోందన్నదానికి రుజువు. చెప్పకుండా తప్పించుకుని పారిపోకండి. "అమ్మ మళ్ళీ వస్తుంది" అని చెప్పి వెళ్ళండి. ఇంట్లో వాడే మాటలు పదో పన్నెండో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వండి: బువ్వ, పాలు, లాల, బజ్జో, ఎత్తుకో. అక్కడ చూసుకునే అమ్మాయికి బువ్వ అన్న మాట తెలిసి ఉంటే మీ బిడ్డ మధ్యాహ్నం కాస్త తింటుంది.

చేరిన మొదటి నెలలో జలుబు, జ్వరం దాదాపు ఖాయం. "వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోనొస్తుంది. ఆ ఫోనుకి ఎవరు వెళ్ళాలో చేరకముందే తేల్చుకోండి, ఎప్పుడూ అమ్మే అయితే ఆవిడ ఉద్యోగం నిలవదు. ఒంటారియో చట్టం ఉద్యోగులకి ఏడాదికి మూడు రోజులు జీతం లేని కుటుంబ సెలవు ఇస్తుంది. అది ఇద్దరికీ విడివిడిగా ఉంటుంది. మొదటి ఫోనుకి ఆయన వెళ్ళాలి.